నేల తాకని దుప్పటి

“ఆ దుప్పటి నేలకి తగులుతోంది.”

వెనక నుంచి ఎవరో అన్నారు. తూనీగ వినిపించుకోలేదు. రెండు చేతుల నిండా తెల్ల దుప్పట్లు పట్టుకుని, గడ్డం కింద ఇంకొకటి నొక్కిపెట్టి, కాలితో తలుపు తోసుకుని బయటపడే తొందరలో ఉంది.

“మిమ్మల్నేనండీ. దుప్పటి కొస నేల మీద ఈడుస్తున్నారు.”

“ఈడిస్తే ఏమవుతుంది? ఇంకాసేపట్లో దాని మీద పడి దొర్లబోతున్నాం.”

“దొర్లడానికా? ఇస్త్రీ చేసి గంట కూడా కాలేదు.”

అప్పుడు తిరిగి చూసింది. బట్టల గదిలో ఇస్త్రీ బల్ల అవతల ఒక కుర్రాడు. పొట్టి చేతుల చొక్కా, నుదుట చెమట, చేతిలో నీళ్లు చిలకరించే సీసా. రెండు నెలల కిందటే కొత్తగా చేరాడట. నాటక కళాశాలలో రాజుల అంగీలూ, బిచ్చగాళ్ల చిరుగులూ, దయ్యాల ముసుగులూ అన్నీ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసేది ఇతనే.

“రిజిస్టర్లో సంతకం పెట్టారా?” అన్నాడు.

“వెనక్కి తెచ్చాక పెడతాను.”

“తీసుకెళ్లేటప్పుడు పెట్టాలి.”

“ఇప్పుడు నా చేతులు ఖాళీగా ఉన్నాయా?”

అతను బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమె గడ్డం కింద దుప్పటి మెల్లగా లాగి తీసుకున్నాడు. వేలాడుతున్న కొస ఎత్తి, అంటిన దుమ్ము దులిపాడు. పసిపిల్ల మోకాలు గీరుకుపోతే దులిపినట్టు దులిపాడు. తూనీగకి ఒళ్లు మండింది. ఎందుకో నవ్వు కూడా వచ్చింది. నవ్వు బయటికి రానివ్వకుండా సంతకం గీకేసి వెళ్లిపోయింది.

తూనీగ అన్నది అసలు పేరు కాదు. ఒక్కచోట కాలు నిలవదని మొదటి సంవత్సరంలోనే తోటివాళ్లు పెట్టారు. ఇప్పుడు మూడో సంవత్సరం, ఆఖరి పరీక్ష. ఆరుగురు కలిసి పన్నెండు నిమిషాల నాటకం సొంతంగా తయారుచెయ్యాలి. అందులో మాట ఉండకూడదు, ఒంటితోనే చెప్పాలి. వీళ్ల గుంపుకి వచ్చిన విషయం నిరసన.

గ్రంథాలయంలో పాత పేపర్లు తిరగేస్తుంటే తూనీగకి అరచెయ్యంత వార్త ఒకటి దొరికింది. ఇరవై ఏళ్ల కిందట ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఒకామె చెయ్యి ఇస్త్రీ రోలర్లో పడి నలిగిపోయింది. రోలర్‌కి అడ్డుగా ఇనప కమ్మీ పెట్టమని ఆడవాళ్లు పని మానేసి గేటు దగ్గర నిలబడ్డారు. పందొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజున సమ్మె చెదిరిపోయింది. వార్తలో అంతకు మించి లేదు.

ఆ కొంచెం పట్టుకుని ఆరుగురూ నెల రోజులుగా సాధన చేస్తున్నారు. పిడికిళ్లు ఎత్తడం, పరుగెత్తడం, ఎవరో తోసినట్టు ఎగిరి దుప్పట్ల మీద పడటం. తూనీగ మోకాళ్లు రెండూ కమిలిపోయాయి. రోజూ సాయంత్రం వాళ్లమ్మ ఫోను.

“తల నేలకి తగలకుండా పడుతున్నావా?”

“తగలట్లేదమ్మా. పడటానికి ఒక పద్ధతుంది.”

“పడటానికి పద్ధతేమిటే? నిరసన అంటున్నావు, పోలీసులు గానీ వస్తారా?”

“ఇది పరీక్షమ్మా. మాస్టార్లు వస్తారు.”

“వాళ్లకి మాత్రం కోపం రాదా?” అనేది ఆవిడ. ఫోను పెట్టేశాక కూడా ఆవిడ భయం కాసేపు చెవిలో మోగేది.

ఆ రోజు సాధన చూసిన నటన మేడమ్ ఒకే ఒక్క మాట అంది. “బాగా పడుతున్నారు. కానీ పడినవాళ్లలో ఒక్కరికి కూడా ఏమవుతుందోనని నాకు భయం వెయ్యలేదు.”

మేడమ్ వెళ్లిపోయింది. తూనీగ నేల మీదే కూర్చుండిపోయింది. నిజమే. ఇక్కడ పడితే మళ్లీ లేస్తాం, నీళ్లు తాగుతాం, ఇంకోసారి పడతాం. ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్లకి ఇంకోసారి లేదు. వాళ్ల ఒంట్లో ఉన్నది మా ఒంట్లోకి ఎలా వస్తుంది? అసలు రావచ్చా?

“దుప్పట్లు తీసుకెళ్లొచ్చా?”

ఇస్త్రీ కుర్రాడు. ఎప్పుడొచ్చాడో, తలుపు పక్కన బుట్టతో నిలబడి ఉన్నాడు.

“ఎంతసేపటి నుంచి చూస్తున్నారు?”

“పడటం మొదలుపెట్టినప్పటి నుంచి.” మురికి దుప్పట్లు ఒక్కొక్కటే ఏరుతూ, కొంచెం ఆగి అన్నాడు. “ఆ లాండ్రీ సమ్మెలో వాళ్లు పిడికిళ్లు ఎత్తలేదండీ.”

“మీకెలా తెలుసు?”

“మా అమ్మ అక్కడే పనిచేసింది. ఏళ్ల తరబడి ఆవిరిలో నానిన చేతులు. పిడికిలి పూర్తిగా మూసుకోదు.”

తూనీగ లేచి నిలబడింది. “మరి పందొమ్మిది రోజులు ఏం చేశారు?”

“దుప్పట్లు మడతపెట్టారు. ఉత్తినే కూర్చున్నారని ఎవరూ అనకూడదు కదా. ఇళ్ల నుంచి ఒక్కో దుప్పటి తెచ్చుకుని, గేటు ముందు ఇద్దరిద్దరు నిలబడి మడతపెట్టడం, విప్పడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. ఒక్కరూ నోరు మెదపలేదు.”

ఆమె బుట్టలోంచి ఒక దుప్పటి లాగి అతని ముందు పెట్టింది.

“నేర్పండి.”

“ఇది మురికిది.”

“ఉతికినది తెచ్చి నేర్పండి.”

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం సాధనకి ముందు అరగంట బట్టల గదిలో పాఠం. చెరో రెండు మూలలు పట్టుకోవాలి. బిగించి లాగి ఒక్క విదిలింపు విదిలించాలి. పొడుగ్గా మడవాలి, ఇంకోసారి మడవాలి. అప్పుడు ఒకరు నడిచి వచ్చి తమ మూలలు ఎదుటివాళ్ల చేతిలో పెట్టి, వంగి, కింద వేలాడే మడత అందుకుని వెనక్కి వెళ్లాలి.

“చేతిలో పెట్టాలి. విసరకూడదు,” అనేవాడు అతను.

“సరే, మడత మాస్టారూ.”

“వేళ్లు తగిలేదాకా వదలకూడదు.”

“ఎవరి వేళ్లు?”

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. “ఎదుటివాళ్లవి. జత అంటారు. లాండ్రీలో ఎవరికి వాళ్ల జత ఉంటుంది. మా అమ్మా ఆవిడ జతా పదకొండేళ్లు ఒకటే దుప్పటికి చెరో పక్క.”

“పదకొండేళ్లకి ఎన్నిసార్లు ఎదురుపడి ఉంటారో.”

“లెక్కపెట్టలేదు. నేను మాత్రం ఈ వారంలో లెక్కపెట్టాను,” అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని నీళ్ల సీసా కోసం అటు తిరిగాడు.

వారం తిరిగేసరికి మీరు కాస్తా నువ్వు అయింది. ఎప్పుడు మారిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక రోజు మేడ మీద నలభై దుప్పట్లు ఆరుతుండగా వాన వచ్చిపడింది. ఉరుము లేదు, మబ్బు లేదు, ఉన్నట్టుండి కురిసింది. అతను మెట్లెక్కి పరుగెడితే వెనక తూనీగ. తడి మేడ మీద ఆ పరుగు చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది, కానీ ఇద్దరిలో ఎవరూ జారిపడలేదు. దండేల మధ్య తెల్లటి గోడలు. ఆ గోడకి ఇటు ఒకరు, అటు ఒకరు. లాగేకొద్దీ గోడలు తగ్గాయి, ఆఖరి దుప్పటి దిగేసరికి మధ్యలో వాన మాత్రమే మిగిలింది.

“తల తుడుచుకో, జలుబు చేస్తుంది,” అన్నాడు.

“మా అమ్మలా మాట్లాడకు.”

మెట్ల కింద కూర్చుని తడిసినవి విడిగా, పొడివి విడిగా పెడుతుంటే అతనే చెప్పడం మొదలుపెట్టాడు. తూనీగ అడగలేదు.

“ఇరవయ్యో రోజు సమ్మె ఎందుకు చెదిరిపోయిందో పేపర్లో రాయలేదు కదా?”

“లేదు.”

“మా అమ్మ లోపలికి వెళ్లిపోయింది. అందరికంటే ముందు. ఆవిణ్ణి చూసి ఆ పూటే ఇంకో ముగ్గురు వెళ్లారు. అంతటితో అయిపోయింది.” చేతిలో దుప్పటి అంచు సరిచేస్తూనే ఉన్నాడు. “నాకప్పుడు ఐదేళ్లు. మూడు రోజుల నుంచి జ్వరం. ఇంట్లో మందు లేదు. ఆ కమ్మీ రెండేళ్ల తర్వాత పెట్టారు. ఈలోపు ఇంకొకామె చెయ్యి పోయింది.”

తూనీగ అతని చేతిలోంచి రెండు మూలలు తను అందుకుంది. వేళ్లు తగిలాక కూడా ఇద్దరూ వదల్లేదు.

తప్పు ఆ మర్నాడు జరిగింది. నాటకం వాళ్లే చెయ్యగల తప్పు అది. మంచి విషయం దొరికితే వాళ్ల చేతులు ఊరుకోవు.

తూనీగ మిగతా ఐదుగురికీ చెప్పేసింది. చెప్పేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయి, నిజం. కానీ చెప్పడం పూర్తయ్యేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. గంటలో ఆ ఘట్టం తయారైపోయింది. ఒక అమ్మాయి వరస వదిలి గేటు వైపు నడుస్తుంది. మిగిలినవాళ్లు ఒక్కసారిగా వీపు తిప్పుతారు. తర్వాత ఒక్కొక్కరూ ఆమె వైపు వేలు చూపిస్తారు. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

“ఇదే కావలసింది,” అంది తూనీగ.

అప్పుడే తలుపు దగ్గర అలికిడి. ఇస్త్రీ చేసిన దుప్పట్లతో అతను నిలబడి ఉన్నాడు. ఐదు వేళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

లోపలికి వచ్చి, కుర్చీ మీద దుప్పట్లు పెట్టాడు.

“ఆరు ఉన్నాయండీ. చూసుకుని సంతకం పెట్టండి.”

ఆ “అండీ” వినేసరికి తూనీగ సంతకం సంగతి వదిలేసి, వెళ్లిపోతున్న అతని వెనకే కదిలింది.

నడవాలో పరుగెత్తి అందుకుంది. “ఆగు. ఒక్క నిమిషం.”

“చెప్పండి.”

“అలా పిలవకు. ఆ ఘట్టం తీసేస్తాను. ఇప్పుడే తీసేస్తాను.”

“తీసేస్తే మాత్రం? ఆరుగురు చూశారు. మా అమ్మ వైపు వేలు చూపించారు.” గొంతు పెంచలేదు, మామూలుగానే అన్నాడు. “మెట్ల కింద నేను చెప్పింది నాటకం అనుకున్నావా?”

“అనుకోలేదు. కానీ అది అందరికీ తెలియాలనిపించింది.”

“నన్ను అడిగావా?”

లేదని తల ఊపింది.

అతను గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. “నేనూ అడగలేదులే. అది నా కథ కాదు. ఆవిణ్ణి అడక్కుండానే నీకు చెప్పేశాను. నీ మీద కోపం సగం, నా మీద కోపం సగం.” వెళ్లబోతూ ఆగాడు. “అడగాల్సింది ఆవిణ్ణి. నన్ను కాదు.”

పరీక్ష ఇంకా నాలుగు రోజులుంది. బట్టల గది తలుపు వేసి ఉండేది. దుప్పట్లు ఇంకెవరో తెచ్చిచ్చేవారు. తూనీగ నోట్సులో పేజీ నిండా ఒకటే వాక్యం రాసుకుంది, కొట్టేసింది, మళ్లీ రాసుకుంది: నిలబడ్డవాళ్ల గురించి చెప్పే హక్కు నాకు ఎవరిచ్చారు? నిలబడలేకపోయినామె గురించి చెప్పే హక్కు?

మూడో రోజు సాయంత్రం అతని ఇల్లు కనుక్కుని వెళ్లింది. నాలుగో అంతస్తు, ఒక గది, వంటిల్లు. కిటికీ దగ్గర కూర్చుని ఆవిడ చొక్కాకి గుండీ కుడుతోంది. చేతుల మీద పాత కాలిన మచ్చలు. సూది రెండు వేళ్ల మధ్య నిలవక జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటోంది.

“పిన్నిగారూ, నేను నాటక కళాశాల నుంచి వచ్చాను.”

ఆవిడ తలెత్తి చూసింది. “దుప్పటి ఈడ్చుకెళ్లిన పిల్లవి నువ్వేనా?”

“ఆ... నేనే.”

“కూర్చో. నీళ్లు తాగుతావా? నాలుగు అంతస్తులు ఎక్కొచ్చావు.”

తూనీగ నీళ్లు తాగలేదు. నిలబడే అంతా చెప్పింది. ఎవరు చెప్పగా విన్నది, ఎవరికి చెప్పింది, వీపు తిప్పడం, వేళ్లు చూపించడం, ఏదీ దాచలేదు. ఆవిడ సూది మాత్రం ఆగిపోయింది.

“వాడేమన్నాడు?”

“నాతో మాట్లాడటం లేదు.”

“నాతోనూ మాట్లాడటం లేదు. కోపం వస్తే ఇస్త్రీ చేస్తాడు. ఇంట్లో చేతి రుమాళ్లు కూడా వదల్లేదు.” ఆవిడ పెదవి చివర నవ్వు కదిలి, ఆగిపోయింది. “వీపు తిప్పారని చేశారా?”

“అవునండీ.”

“తిప్పలేదమ్మా. తిప్పి ఉంటే బాగుండేది.”

కిటికీ బయటికి చూస్తూ చెప్పింది. “ఆ పొద్దున నేనూ నా జతా దుప్పటి పట్టుకుని ఉన్నాం. వీడి ఒళ్లు పెనంలా కాలిపోతోంది, పక్కింటావిడకి అప్పగించి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే వాళ్లే ఏదో ఒక దారి చూసేవాళ్లు. చెప్పడానికి నోరు రాలేదు. నా మూలలు దాని చేతిలో పెట్టాలి కదా, పెట్టలేదు. వదిలేశాను. గేటులోకి నడిచిపోయాను. వెనక్కి తిరిగి చూసేసరికి దుప్పటి సగం మట్టిలో ఉంది. నా జత తన రెండు మూలలు పట్టుకుని అలాగే నిలబడి ఉంది, నేను వస్తానన్నట్టు.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది? ఎదురుపడితే తల దించుకునేదాన్ని. అది పోయి నాలుగేళ్లు. చూడ్డానికి కూడా వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?”

తూనీగ ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. “మీరు చెయ్యొద్దంటే చెయ్యను పిన్నిగారూ. ఆ పాత పిడికిళ్లే చేసుకుంటాం.”

ఆవిడ గుండీ దారం పళ్లతో కొరికింది.

“చెయ్యి. నన్ను చెడ్డదాన్ని చెయ్యకు. మంచిదాన్ని కూడా చెయ్యకు. దుప్పటి పడిపోయిందని చూపించు, చాలు.”

పరీక్ష రోజు మేడమ్ వేదిక వద్దంది, నేల మీదే ఆట. చుట్టూ ఎనభై కుర్చీలు. ముందు వరసలో ముగ్గురు పరీక్షకులు. వాళ్ల పక్కన, గోడ వారగా, ఆవిడ. చూస్తానని ఆవిడే పట్టుబడితే కొడుకు తీసుకొచ్చి కూర్చోబెట్టి, తను లైట్లు చూసుకునే విద్యార్థి పక్కకి వెళ్లి నిలబడ్డాడు. తూనీగ వైపు చూడలేదు.

సంగీతం పెట్టలేదు. మూడు జతలు, మూడు దుప్పట్లు. విదిలించినప్పుడు గుడ్డ చేసే చప్పుడు ఒక్కటే. మడత, అడుగు, మూలలు చేతిలోకి, వంగడం, వెనక్కి. విప్పడం. మళ్లీ మొదటి నుంచి. ఒకటో రోజు, ఐదో రోజు, పన్నెండో రోజు. చేతులు బరువెక్కాయి, అడుగులు చిన్నవయ్యాయి. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ పడలేదు. పిడికిలి ఎత్తలేదు. చూసేవాళ్లు మాత్రం కుర్చీల అంచుకి జరిగారు.

తూనీగకి ఎదురుగా ఉన్న అమ్మాయి మూలలు వదిలేసింది. వెనక్కి తిరిగి నడిచిపోయింది.

దుప్పటి నేల మీద పడింది. తన రెండు మూలలు పట్టుకుని తూనీగ నిలబడింది. అలా నిలబడి ఉండగా లైటు మెల్లగా ఆరిపోవాలి. వాళ్లు అనుకున్న ముగింపు అదే.

కుర్చీ కిర్రుమంది.

ఆవిడ లేచి వస్తోంది. మోకాళ్ల నొప్పుల నడక. పరీక్షకుల ముందు నుంచే నడిచి వస్తోంది, ఎవరినీ చూడటం లేదు. చూపంతా ఆ దుప్పటి కొస మీదే. “అయ్యో, మట్టయిపోతుంది,” అని తనలో తను అనుకోవడం మొదటి వరసకి వినబడింది. పాతికేళ్లు చేసిన పని. దుప్పటి నేల మీద పడి ఉంటే ఆ చేతులు చూస్తూ కూర్చోలేవు. అది నాటకమా, ఎనభై మంది చూస్తున్నారా అన్నది ఆ చేతులకి తెలియదు.

వంగి రెండు మూలలు అందుకుంది. బిగించి, ఒక్క విదిలింపు విదిలించింది.

ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి తలెత్తింది. చుట్టూ జనం. ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

లైట్ల దగ్గర విద్యార్థి కంగారుగా మీట మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మీద ఇంకో చెయ్యి పడింది.

“ఆర్పకు,” అన్నాడు ఆవిడ కొడుకు. “మా అమ్మని చీకట్లో వదిలెయ్యకు.”

తూనీగకి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మూడేళ్ల చదువులో అది లేదు. మడత తర్వాత అడుగు ఉంటుంది, అంతే తెలుసు. దుప్పటి పొడుగ్గా మడిచింది. ఎదురుగా ఆవిడా మడిచింది. ఇంకోసారి. తర్వాత తూనీగ కదల్లేదు. రావలసింది అటువైపు నుంచి.

ఆవిడ వచ్చింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, రెండు మూలలూ తూనీగ చేతిలో పెట్టింది. వేళ్లు తగిలేదాకా వదల్లేదు.

“ఆలస్యం చేశానే,” అంది, చాలా చిన్నగా.

అన్నది తనతో కాదని తూనీగకి తెలుసు. అయినా ఆ వేళ్లు గట్టిగా పట్టుకుంది.

మిగతా నలుగురూ మడతలు ఆపి నిలబడిపోయారు. లైటు వెలుగుతూనే ఉంది. మేడమ్ లేచి చప్పట్లు కొట్టేదాకా ఎవరికీ ఊపిరి తియ్యాలని గుర్తులేదు.

అంతా అయ్యాక పరీక్షకుల్లో ఒకాయన మేడమ్‌ని అడిగాడట. “ఆ పెద్దావిడ ఏ సంవత్సరం విద్యార్థి?”

“మా అందరికంటే సీనియరండీ,” అందట మేడమ్.

బట్టల గది తలుపు తెరిచి ఉంది. తూనీగ దుప్పట్లు పట్టుకుని వెళ్లింది. ఈసారి కొసలన్నీ ఎత్తి పట్టుకుంది. ఇస్త్రీ బల్ల పక్కన కుర్చీలో ఆవిడ కూర్చుని టీ తాగుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ముఖం తేలికపడింది. అతను అటు తిరిగి ఇస్త్రీ పెట్టె వేడి చూస్తున్నాడు.

“ఆరు ఉన్నాయండీ. చూసుకోండి,” అంది తూనీగ.

“అలా పిలవకు,” అన్నాడు, తిరక్కుండానే.

“కోపం పోయిందా?”

“పోలేదు.” ఒక దుప్పటి తీసి రెండు మూలలు ఆమె వైపు చాపాడు. “నా మీద కోపం సగం అక్కడే పోయింది. నీ మీద సగం ఉంది.”

“ఎన్ని దుప్పట్లు మడతపెడితే పోతుంది?”

“తెలీదు. చాలా ఏళ్లు పట్టొచ్చు.”

విదిలించారు. మడిచారు. అతను నడిచి వచ్చి మూలలు ఆమె చేతిలో పెట్టాడు, వదల్లేదు.

“అడక్కుండా ఏదీ తీసుకోను,” అంది ఆమె. “కాబట్టి అడుగుతున్నాను. నీ దుప్పటికి అటు పక్క నాకిస్తావా? ఈ ఒక్క దుప్పటికే కాదు.”

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ కప్పులోకి చూస్తోంది.

“ఎప్పుడో ఇచ్చాను,” అన్నాడు. “వాన రోజున. నువ్వే సంతకం పెట్టలేదు.”

తూనీగ ఫోను మోగింది. వాళ్లమ్మ. తలకేమైనా తగిలిందా అని. తగల్లేదని, మళ్లీ చేస్తానని పెట్టేసింది. తర్వాత కుర్చీ దగ్గరికి వెళ్లి వంగింది.

“ఇంటికి తీసుకెళ్లమంటారా పిన్నిగారూ? అలిసిపోయారు.”

ఆవిడ కప్పు కింద పెట్టింది.

“ముందు ఆ పిలుపు మార్చు. నన్ను పిన్ని అంటే వీడు నీకు అన్నవుతాడు. ఇంత మడతపెట్టి ఆ వరస ఎందుకు?”

అతని చేతిలోంచి దుప్పటి జారింది. కొస నేలకి తాకేలోపే మూడు జతల చేతులు దాన్ని అందుకున్నాయి.

“అత్తయ్యా,” అంది తూనీగ.

“ఆ. అటు మూల పట్టుకో.”